మాట్లాడించి రావడం

వినాయక చవితికి ఊరికి పోయినప్పుడు, భుజం మీద బ్యాగు ఇంకా దించకముందే అమ్మ అడిగింది: "వాళ్ల నాయన పాయె కదప్పా, మాట్లాడిచ్చి వస్తివా?"

"ఎవరి నాయన?" అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసి, చేతిలో చెంబు గట్టు మీద పెట్టింది.

హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా నా పక్కన కూర్చున్న జతగాడి తండ్రి. చనిపోయి అప్పటికి ఇరవై మూడు రోజులు. పదకొండో దినం కూడా అయిపోయింది. గోరంట్లలో ఆయనకు సైకిల్ షాపు ఉండేది. నా సైకిలుకు గాలి కొట్టి ఏనాడూ డబ్బులు తీసుకోలేదు. ట్యూబును నీళ్ల టబ్బులో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి పంక్చరు కనిపెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో డీబగ్గింగ్ పేరుతో నేను చేసేదీ దాదాపు అదే పని.

ఆయన పోయిన సంగతి నాకు తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణాన్ని అప్పటిదాకా కనిపించిన ప్రతివాళ్లకూ గర్వంగా చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఏడాది ఉగాదికి నేను సోషల్ మీడియా మానేశాను.

మానేసినవాళ్లు రాసే వ్యాసాలు మీరూ చదివే ఉంటారు. నేను వాటిని చదివే మానేశాను. కానీ నిజ జీవితంలోకి వెళ్తున్నానని తలుపు వేసుకున్న మనిషి, ఆ తలుపు ఎవరి ముఖాన వేశాడు అన్న ప్రశ్న నేను చదివినవాటిలో ఎక్కడా ఎదురవ్వలేదు. అమ్మ అడిగిన రోజు నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న అది.

*

నాది బెంగళూరులో ఒక షాపింగ్ యాప్ కంపెనీలో నోటిఫికేషన్ల టీమ్. మూడు రోజులుగా యాప్ తెరవని మనిషికి ఏ మాట, ఏ గంటకు పంపితే వెనక్కి వస్తాడో లెక్కగట్టడం మా ఉద్యోగం. ఒకే సందేశాన్ని రెండు రకాలుగా రాసి, సగం మందికి ఒకటి, మిగతా సగానికి ఇంకొకటి పంపుతాం. ఏది ఎక్కువమందిని లాగితే దాన్ని అందరికీ పంపుతాం. కాబట్టి ఫోను నన్నేం చేస్తోందో నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఎంత కిందికి జరిపినా పేజీ అయిపోని ఇన్ఫినిట్ స్క్రోల్‌ను తయారుచేశాడు, తర్వాత దాని గురించి బాహాటంగానే విచారపడ్డాడు. 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్‌లోకి లైక్ బటన్ వచ్చింది. అప్పుడు నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఆ తర్వాత ఊళ్లో మా నాన్న చేతిలో కూడా ఇదే వచ్చి చేరింది.

నా ఫోనులో స్క్రీన్ టైమ్ సగటున రోజుకు నాలుగు గంటల నలభై నిమిషాలు చూపించేది. కాల్ న్యూపోర్ట్ 2019లో రాసిన 'డిజిటల్ మినిమలిజం' చదివాను. తప్పనిసరి కానివన్నీ ముప్పై రోజులు ఆపేసి, ఆ తర్వాత నిజంగా విలువున్నవాటినే ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోమంటాడు. నేను ఆయన కన్నా నిష్ఠగా పోయాను. ముప్పై రోజులు అయిపోయినా ఒక్కటీ వెనక్కి తెచ్చుకోలేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, అన్నీ పోయాయి. పోయేముందు ఒక వీడ్కోలు పోస్టు మాత్రం పెట్టాను. ఇక ప్రశాంతంగా నిజ జీవితంలో ఉండదలుచుకున్నాను అని. రెండొందల పైచిలుకు లైకులు వచ్చాయని చూసుకున్నాకే అకౌంటు తీసేశాను. అప్పుడు అందులో నవ్వొచ్చే విషయం నాకేమీ కనపడలేదు.

లాభాలు లేవని అనను. నిద్ర బాగుపడింది. ఎన్నాళ్లుగానో సగంలో ఆగిపోయిన నవలలు పూర్తయ్యాయి. కూతురు ఏదో చెప్తుంటే మధ్యలో "ఊఁ" అనడం తగ్గింది. జూన్‌లో ఒకసారి ఊరికి వచ్చి చిత్రావతి దాకా నడిచి వెళ్లాను. నీళ్లు లేవు, మా ఏటికి నీళ్లు ఉండటమే వార్త. ఆ ఇసుకలో నిలబడి చూస్తుంటే తలలో ఒక వాక్యం తయారైంది. చక్కటి వాక్యం. కాసేపటికి అర్థమైంది, అది క్యాప్షన్. పోస్టు చేసే చోటు పోయింది గానీ, దేన్ని చూసినా క్యాప్షన్ తయారుచేసే యంత్రం లోపల అలాగే తిరుగుతోంది.

ఆ రోజే నాకు కొంచెం అనుమానం రావాల్సింది.

*

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు కొడికొండ చెక్‌పోస్టు దాటి హైవే వదలగానే ఒక భ్రమ మొదలవుతుంది. కొండగుట్టలు, చెనక్కాయ చేన్లు, మల్బరీ తోటలు కనపడతాయి. ఇదిగో నిజ జీవితం అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మా వీధిలో పట్టుపురుగులు పెంచే ఒకాయన ఉన్నాడు. గూళ్లు చంద్రికల నుంచి తీసే రోజు ఆయన పొద్దున్నే చూసేది ఫోను. హిందూపురం మార్కెట్లో రేటెంత, రామనగరలో ఎంత. ఆ తేడాని బట్టి సరుకు ఎక్కడికి తీసుకుపోవాలో తేలుతుంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. అక్కడికి పనికి పోయే కుర్రాళ్లు షిఫ్టు మారిందో లేదో, బస్సు వస్తుందో రాదో వాట్సాప్ గ్రూపులోనే చూసుకుంటారు. మా చిన్నమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. ప్రతి ఆదివారం పొద్దున అమ్మతో వీడియో కాల్‌లో కూర్చుంటుంది. అమ్మ కూరగాయలు తరుగుతూ మాట్లాడుతుంది, ఒక్కోసారి కళ్లొత్తుకుంటుంది.

వీళ్లల్లో ఎవరి దగ్గరికి పోయి "మీది నిజ జీవితం కాదు" అనగలను? తెర వెనక ఉన్నది అబద్ధం, తెర బయట ఉన్నది నిజం అనే గీత నేను గీసుకున్నది. ఊళ్లో ఆ గీత ఎవరికీ అవసరం పడలేదు.

ఇంకోటి ఆలస్యంగా గమనించాను. నేను మానేశాక నా పనులేవీ ఆగలేదు. పాప స్కూలు గ్రూపులో వచ్చే కబుర్లు నా భార్య చూసి చెప్పేది. అపార్ట్‌మెంటులో నీళ్లు ఎప్పుడు రావో ఆమె చూసి చెప్పేది. పెళ్లిపత్రికలు ఆమె ఫోనుకే వచ్చేవి. "నేను ఏ గ్రూపులోనూ లేను" అని నేను స్నేహితులతో అంటున్నప్పుడు, నా వంతు గ్రూపులన్నీ ఆమె మోస్తూ ఉంది. సన్న్యాసికి భిక్ష వేయడానికి ఎవరో ఒకరు సంసారం చేస్తూ ఉండాలి కదా. నా డిజిటల్ సన్న్యాసానికి ఆ సంసారం చేసింది ఆమె.

వేమన సమాధిగా చెప్పే చోటు మా జిల్లాలోనే, కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. వేషం మార్చి, లోపల ఏదీ మార్చుకోని విరాగుల మీద ఆయన ఎంత కటువుగా మాట్లాడాడో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. బడిలో ఆ పద్యాలు బట్టీ పట్టినప్పుడు అవి కాషాయం కట్టినవాళ్ల గురించి అనుకున్నాను.

*

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: అంటే మానేయడం తప్పా? గ్రూపులో ఉండి ఉంటే ఆయన పోయిన సంగతి తెలిసేది కదా?

తెలిసేది. తెలిస్తే ఏం చేసేవాణ్నో కూడా నాకు తెలుసు.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు చేసుకోండి. పొద్దున లేస్తే ఫోను తీయడానికి భయం వేసిన రోజులవి. ఏ గ్రూపు తెరిచినా ఎవరిదో ఒక ఫోటో, దాని కింద వరసగా రెండు చేతులు జోడించిన బొమ్మలు. నేనూ పెట్టాను. ఎంతమందికి పెట్టానో లెక్కలేదు. అప్పుడు ఎవరింటికీ పోలేం, కాబట్టి ఆ బొమ్మ తప్ప వేరే దారి లేదు. నిజమే. కానీ లాక్‌డౌన్ ఎత్తేశారు. బస్సులు తిరిగాయి, పెళ్లిళ్లు జరిగాయి, నేను గోవా కూడా పోయొచ్చాను. ఆ ఇళ్లలో ఒక్క ఇంటికీ పోలేదు. ఎందుకు పోలేదని ఆలోచిస్తే నాకు దొరికిన సమాధానం ఒక్కటే: ఆ పని అయిపోయిందని నా మనసు రాసేసుకుంది. చేతులు జోడించిన బొమ్మ రసీదులా పనిచేసింది. అసలు కట్టకుండానే రసీదు వచ్చేసింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. సోషల్ మీడియాలో ఉన్నప్పుడు నాకు తెలిసింది, పోలేదు, పోయినట్టే అనుకున్నాను. మానేసినప్పుడు నాకు తెలియలేదు, పోలేదు. ఇందులో ఏది ఎక్కువ తప్పు?

తెలియక చేసినదానికి మనిషిని తప్పు పట్టొచ్చా అని అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' మూడో పుస్తకంలో చర్చిస్తాడు. తెలియకపోవడానికి ఆ మనిషే కారణమైతే, తెలియదన్న సాకు చెల్లదంటాడు. తాగి నేరం చేసినవాడికి రెట్టింపు శిక్ష వేయడాన్ని ఉదాహరణగా చూపిస్తాడు, ఎందుకంటే తాగకుండా ఉండటం వాడి చేతిలోనే ఉంది. నా తెలియకపోవడం ఆ బాపతే. నేను కోరి తెచ్చుకున్నది, పైగా పదిమందికీ చెప్పి మరీ.

అయినా సరే, ఈ రెంటిలో తెలియకపోవడమే కొంచెం నయం అనుకుంటాను. తెలియని బాకీ బాకీగానే ఉంటుంది. ఎవరో ఒకరు, మా అమ్మలాంటివాళ్లు, చెంబు గట్టు మీద పెట్టి అడిగితే అది బయటపడుతుంది. రసీదు దొరికిన బాకీని ఎవరూ అడగరు. మనల్ని మనం కూడా అడుక్కోం.

*

ఆ సాయంత్రం పోయాను. సైకిల్ షాపు ఇప్పుడు బైక్ మెకానిక్ షెడ్డు. మావాడు ఏదో బండి చైన్ ఊడదీసి కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఎప్పుడొస్తివిరా?"

"ఇప్పుడే. నాకు తెలీదురా. అమ్మ చెప్పేదాకా..."

"తెల్సులే. గ్రూపులో పెట్టినప్పుడే అనుకుంటి, నువ్వు లేవు కదా అని. ఫోన్ చేద్దామని నంబరు తీసినా. మళ్లీ నువ్వు అన్నీ వదిలేసి నెమ్మదిగా ఉండాలనుకుంటివి కదా, ఎందుకులే కదిలించేదని ఊరికే ఉంటి."

వాడి మాటలో నిష్ఠూరం లేదు. అందుకే అది ఇంకా దిగింది. నా వీడ్కోలు పోస్టును వాడు చదివాడు, నమ్మాడు, గౌరవించాడు. తండ్రి పోయిన రోజు కూడా నా ప్రశాంతతను చెడగొట్టకూడదనుకున్నాడు.

2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. మా వృత్తిలోవాళ్లు ఆ సంఘటనను పాఠంలా చదువుకున్నారు. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల అంతర్గత నెట్‌వర్కును తెంపేసింది. దాంతో వాళ్ల సర్వర్లు, మా దగ్గరికి దారి ఇదీ అని మిగతా ఇంటర్నెట్టుకు చెప్పే ప్రకటనలను వాటంతటవే వెనక్కి తీసుకున్నాయి. వాటి చిరునామాలు చెప్పే సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి దగ్గరికి ఎలా పోవాలో మాత్రం లోకంలో ఎవరికీ తెలియదు. మావాడి ముందు నిలబడినప్పుడు నాకది గుర్తొచ్చింది. నేను నిక్షేపంలా నడుస్తున్నాను. నా దగ్గరికి దారిని మాత్రం నేనే వెనక్కి తీసుకున్నాను.

ఇద్దరం షెడ్డులోనే స్టూళ్లు వేసుకొని కూర్చున్నాం. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. "ఎట్లయిందిరా?" అన్నాను. వాడు మొదలుపెట్టాడు. అనంతపురం తీసుకుపోవడం, అక్కణ్నుంచి బెంగళూరు తీసుకుపొమ్మనడం, డబ్బులు ఎక్కడెక్కడ తెచ్చాడో, చివరి రోజు ఆయన కాఫీ అడిగితే డాక్టరు వద్దన్నాడని ఇవ్వకపోవడం. ఆ కాఫీ దగ్గర వాడు ఆగిపోయాడు. చాలాసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు. దాదాపు గంటన్నర. నేను మాట్లాడింది పది వాక్యాలు ఉంటాయేమో. లేచేటప్పుడు వాడన్నాడు, "కాఫీ సంగతి ఇంట్లో గూడా ఎవరికీ చెప్పలే."

*

అమ్మ వాడిన మాట దగ్గరికి వస్తాను. మా వైపు ఒకరిని చూసి రావడాన్ని, పరామర్శించడాన్ని "మాట్లాడించడం" అంటారు. "ఆయమ్మకు బాగలేదంట, మాట్లాడిచ్చి వస్తా." "ఊరికొచ్చి నన్ను మాట్లాడీకుండానే పోతివే." సరిహద్దుకు అటు పక్క కన్నడంలోనూ 'మాతాడిసు' అని ఇలాగే అంటారు. చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి దాని లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు.

చేయు, చేయించు. తిను, తినిపించు. అలాగే మాట్లాడు, మాట్లాడించు. ప్రేరణార్థకం. మాట్లాడటంలో నోరు నాది. మాట్లాడించడంలో నోరు వాళ్లది, పోవడం మాత్రం నాది. పరామర్శకు పోయినవాడు ఓదార్పు మాటలు చెప్పాలి అనుకుంటాం, ఏం చెప్పాలో తెలియదని పోవడం మానేస్తాం. మా ఊరి మాట ఆ పనిని వేరేగా చూస్తోంది. నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదు. అవతలి మనిషి చెప్పుకోవడానికి నువ్వు కారణమైతే చాలు.

ఈ మాట పట్టుకొని చూస్తే సోషల్ మీడియాతో నా తగువు వేరేగా కనిపించింది. అది మనందరికీ మాట్లాడే చోటు ఇచ్చింది, ఇంతకుముందు నోరు లేనివాళ్లకు కూడా ఇచ్చింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒకరిని మాట్లాడించే పని అక్కడ చాలా అరుదుగా జరుగుతుంది. లైకు ఎవరినీ మాట్లాడించదు. చేతులు జోడించిన బొమ్మకు తిరిగి చేతులు జోడించిన బొమ్మే జవాబు.

నా వీడ్కోలు పోస్టు కూడా అంతే. అది మాట్లాడటంలోకెల్లా గట్టి మాట్లాడటం: నేను చెప్పాల్సింది చెప్పాను, ఇక నన్ను ఎవరూ మాట్లాడించొద్దు. ఆ లెక్కన నేను సోషల్ మీడియా మానేయలేదు, దాని నీతినే చివరిదాకా పాటించాను. మా డాలస్ చెల్లెలు మాత్రం పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, అదే ఫోనులో, ప్రతి ఆదివారం మా అమ్మను మాట్లాడిస్తోంది. కాబట్టి తెర ఉందా లేదా అన్నది కొలత కాదు. నా వల్ల అవతలి మనిషి నోరు విప్పారా లేదా అన్నది కొలత.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్ అనే ఊరు 2022లో వార్తల్లోకి వచ్చింది. సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. గంటన్నర తర్వాత మళ్లీ మోగుతుంది. ఆ వార్త మొదటిసారి చదివినప్పుడు అదీ నేను చేసినదీ ఒకటే అనుకున్నాను. ఒకటి కాదు. అక్కడ అందరూ ఒకే గంటకు ఆపేస్తారు కాబట్టి ఎవరూ ఎవరికీ దూరం కారు. ఆ గంటన్నరలో పక్కింటి తలుపు తడితే మనిషి దొరుకుతాడు. నేను ఒక్కణ్నే ఆపేసి, నా తలుపు తట్టేవాళ్లు లేకుండా చేసుకున్నాను. పైగా దానికి నిజ జీవితం అని పేరు పెట్టుకున్నాను.

*

ఇప్పుడు వాట్సాప్ ఒక్కటి వెనక్కి వచ్చింది. స్కూలు గ్రూపులో నా వంతు నేనే చూస్తున్నాను. మిగతావి లేవు, అవి లేనందుకు బెంగ కూడా లేదు. ఒక చిన్న నియమం పెట్టుకున్నాను: చావు కబురు కింద బొమ్మ పెట్టకూడదు. పోవాలి, లేదా ఫోన్ చేయాలి. రెండూ చేయకపోతే చేయలేదని నాకు తెలిసి ఉండాలి. ఈ నియమాన్ని చాలాసార్లు తప్పాను.

2021 నాటి గ్రూపులు వెనక్కి తిరగేసి, చేతులు జోడించి వదిలేసినవాళ్లలో దగ్గరివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏడు. ఇప్పటికి మూడిళ్లకు పోయాను. హిందూపురంలో ఒకింట్లో, భర్త పోయిన పెద్దామె తలుపు తీసి నన్ను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. చెప్పాను. ఆమె నిలబడే అడిగింది, "ఇన్నేండ్లకు ఇప్పుడెందుకొస్తివి నాయనా?"

జవాబు నా దగ్గర లేదు. "మాట్లాడిచ్చి పోదామని" అన్నాను. ఆమె కాసేపు అలాగే చూసి, లోపలికి రమ్మంది. చీకటి పడేదాకా ఆమె చెప్తూనే ఉంది.

నాలుగో ఇల్లు ధర్మవరంలో. వాళ్లు ఇల్లు మారారంట, కొత్త అడ్రసు నాకు తెలియదు. గ్రూపులో అడగాలి.